యాప్ నేర్పేది పక్క సెంటర్ టీచరే

2025 జూలై నుంచి గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఇంటికిచ్చే రేషన్‌కు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి అయ్యాక పాలమూరు పల్లెల్లో టీచర్లకు అందుకు కావాల్సిన ఆధార్ ఓటీపీ పెద్ద తలనొప్పి. తల్లి ఆధార్‌కు లింకైన నంబరు భర్తది. ఆయనేమో హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిండు, పగలు ఫోన్ ఎత్తడు. ముందే చెప్పి ఉంచి, రాత్రి అన్నం వేళకు ఓటీపీ పంపితే పని అయిపోతుంది. ఇది శిక్షణలో చెప్పే మాట కాదు, పక్క సెంటర్ టీచర్ చెప్పే మాట.

తోటివాళ్ల ద్వారానే కొత్త పద్ధతి పాకుతుందని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో 1943లో రయాన్, గ్రాస్ రాశారు. విత్తనం సంగతి చాలామంది రైతుల చెవిన వేసింది సేల్స్‌మన్, దాన్ని విత్తేలా చేసింది మాత్రం పొరుగు రైతు. 1957లో కోల్‌మన్ బృందం డాక్టర్లలోనూ అదే చూసింది: తోటి డాక్టర్లతో స్నేహం ఉన్నవాళ్లే కొత్త మందు ముందుగా రాశారు. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక, కొత్త సాధనాన్ని జనం ఎందుకు వాడతారో తేల్చడానికి 1989లో పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ రెండు ప్రశ్నలు ముందుకు తెచ్చారు: ఉపయోగమా, సులువా? చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావాన్ని 2003లో వెంకటేశ్ తదితరులు ఆ లెక్కలో కలిపారు. మన శిక్షణలు ఇంకా 1989 దగ్గరే ఉన్నాయి, చుట్టూ ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోవు.

అంగన్‌వాడీలను నడిపే పథకం ఐసీడీఎస్ మొదలైంది 1975 అక్టోబర్ 2న. దశాబ్దాల పాటు అంతా రిజిస్టర్లే. చుట్టుపక్కల సెంటర్ల టీచర్లు కలిసే సెక్టార్ మీటింగ్‌లో ఒకరిది చూసి ఒకరు నింపుకునేవారు. పోషణ్ ట్రాకర్ వచ్చిన 2021లో కరోనా వల్ల అలా కలిసి కూర్చోవడమే తగ్గింది. కాగితం మీద కొట్టివేత పక్కవాళ్లకు కనిపిస్తుంది, ఫోన్‌లో పడ్డ తప్పు ఎవరికీ కనబడదు.

వాట్సాప్ గ్రూపులు ఆ లోటు తీర్చాయంటే సగమే నిజం. సూపర్‌వైజర్ ఉన్న గ్రూపులో ‘నాకు రాదు’ అని ఎవరు రాస్తారు? అక్కడ ‘సరే మేడం’లే. అసలు సందేహాలు నలుగురైదుగురు టీచర్లు సొంతంగా పెట్టుకున్న గ్రూపులో తీరుతాయి. నల్గొండ జిల్లా చందంపేట వైపు తండాల్లో సెంటర్లు దూరదూరం, సిగ్నల్ అంతంతే. అలాంటి చోట ఆ నలుగురూ దొరకడమే కష్టం. వెనకబడిన సెంటర్‌కు మెమో ఇచ్చే ముందు ఆ టీచర్‌కు సందేహం అడగడానికి ఒక మనిషి ఉందా అని చూడాలి.

కేంద్రం పోషకాహార కార్యక్రమమైన పోషణ్ అభియాన్ కింద టీచర్‌కు నెలకు 500 రూపాయల ప్రోత్సాహకం ఉంది. అది ఆమె సొంత సెంటర్ పనికే. పక్క ఊరి సెంటర్‌లో కూర్చుని నేర్పిన మధ్యాహ్నాలకు అందులో లెక్క లేదు, ఆ లెక్క ఉండాలి.