ఎఫ్1 మన కేబుల్ టీవీలోంచి ఎప్పుడు పోయింది?

అమెరికాలో ఫార్ములా 1 (ఎఫ్1) కార్ల రేసుల ప్రసారాలు 2026 సీజన్ నుంచి ఈఎస్‌పీఎన్‌ను వదిలి ఆపిల్ చందా యాప్ చేతికి వెళ్లాయి. దాంతో రేసు చూడటానికి విడిగా డబ్బు కట్టాలా అన్న పాత గొడవ మళ్లీ లేచింది. మన దగ్గర ఈ ముచ్చట అంతకుముందే అయిపోయింది. కాకపోతే అప్పుడు పెద్దగా ఎవరూ అడగలేదు.

ఎఫ్1లో మన తొలి డ్రైవర్ నరేన్ కార్తికేయన్, మన జట్టు ఫోర్స్ ఇండియా, ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మూడు రేసులు అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2022 చివర్లో ఉంది.

అప్పటిదాకా రేసులు స్టార్ స్పోర్ట్స్ చానళ్లలో వచ్చేవి. కేబుల్ కూడా డబ్బు కట్టి చూసేదే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ హన్మకొండలోనో జగిత్యాలలోనో ఎఫ్1 కోసమని కేబుల్ బిల్లు కట్టిన ఇల్లు ఎన్నడూ లేదు. ఇంట్లో పెద్దలు ఐపీఎల్ కోసమో ప్రో కబడ్డీ కోసమో స్పోర్ట్స్ ప్యాక్ పెట్టించుకుంటే, రేసు దాని వెంటే వచ్చింది. యూరప్ రేసులు మనకు ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి. చానళ్లు మారుస్తూ మారుస్తూ అక్కడ ఆగిపోయిన పిల్లలే తర్వాత అభిమానులయ్యారు. 2019 ఫిబ్రవరిలో టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త రేట్ల పద్ధతి తెచ్చి, ఏ చానల్ కావాలో ఎంచుకుని కట్టమన్నప్పుడే ఈ దారి కొంత ఇరుకైంది. అయినా మూసుకుపోలేదు.

2022 సీజన్‌తో స్టార్ ఒప్పందం ముగిసింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. తెలంగాణ గడ్డ మీద మోటార్ రేసింగ్ గురించి అంతగా మాట్లాడుకున్న రోజులు అంతకుముందు లేవు. మూడు వారాలు దాటగానే, మార్చి 5న, బహ్రెయిన్‌లో ఎఫ్1 సీజన్ మొదలైతే మన దేశంలో ఏ టీవీ చానల్‌లోనూ రాలేదు. చూడాలంటే ఎఫ్1 సొంత యాప్‌కు చందా కట్టాలి. ఆసక్తి కొత్తగా పుట్టిన నెలలోనే తలుపు వేసేశారు.

2024లో హక్కులు క్రీడల యాప్ ఫ్యాన్‌కోడ్‌కు వచ్చాక కొంత నయమైంది. కానీ అదీ యాప్ లోపలే. కంపెనీలు చెప్పేదేమంటే, యాప్‌లో చూసేవాళ్లు నిజమైన అభిమానులు, వాళ్లకు ఇంకా మంచి ప్రసారం ఇవ్వొచ్చు అని. వరంగల్ నిట్ హాస్టల్‌లో ఉన్న కుర్రాడి విషయంలో ఆ మాట సరిపోతుంది. పరకాలలో పదేళ్ల పిల్లాడు తనకు ఎఫ్1 ఇష్టమో కాదో తెలియకముందే నాన్నను డబ్బులు అడగాలి. అడగడు.

యూరప్‌లో ఇది ముందే జరిగింది. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన బీబీసీ 2011లో ఒప్పందం ముగియకముందే సగం రేసులు డబ్బు కట్టి చూసే స్కైకి వదిలేసింది. 2019 నుంచి బ్రిటన్‌లో దాదాపు అన్నీ స్కైలోనే. ఫ్రాన్స్‌లో 2013లో అందరూ చూసే టీఎఫ్1 నుంచి డబ్బు కట్టి చూసే కెనాల్ ప్లస్‌కు మారాయి. ఎఫ్1 సొంత లెక్కల ప్రకారమే ప్రపంచవ్యాప్తంగా 2012లో 50 కోట్లున్న ప్రేక్షకులు 2013లో 45 కోట్లకు పడిపోయారు. ఎఫ్1 దిగ్గజం షూమాకర్ పుట్టిన జర్మనీలోనూ దాదాపు మూడు దశాబ్దాలు ఉచితంగా చూపించిన ఆర్‌టీఎల్ 2020తో తప్పుకుంది. హక్కుల డబ్బు పెరిగిందన్నది నిజం, జట్లు దాన్ని పంచుకున్నాయన్నదీ నిజం. ఆ పంపకంలో కొత్త ప్రేక్షకుడి వాటా ఎంతన్నది ఎవరూ చెప్పరు.

ఇక దూరదర్శన్ సంగతి. జాతీయ ప్రాధాన్యం ఉన్న ఆటల ప్రసారాన్ని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతుంది. ఆ జాబితాలో క్రికెట్, ఒలింపిక్స్ లాంటివి ఉన్నాయి, ఎఫ్1 లేదు. కార్తికేయన్ 2012లో దిగిపోయాక ఎఫ్1 రేసుల్లో మనవాడంటూ లేకపోవడంతో చేర్చమని గట్టిగా అడిగేవాళ్లూ లేరు. ఈలోపు డబ్బు కట్టలేనివాళ్లు టెలిగ్రామ్‌లో దొంగ లింకులు వెతుక్కుంటున్నారు. ఆ చూసేవాళ్లు ఏ రేటింగ్ లెక్కలోకీ రారు. అందుకే స్పాన్సర్ల లెక్కల్లో ఈ జిల్లాల్లో ఎఫ్1 చూసేవాళ్లే లేనట్టు.