కార్డినల్ ఎర్రటోపీ, మద్రాసు బంకు

దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా గొడవ రాజుకున్నప్పుడల్లా పూల ఆంథోనీగారి పేరు ముందుకొస్తుంది. కతోలిక చర్చిలో పోప్ తర్వాతి పెద్ద హోదా కార్డినల్‌ది. ఆయన తెలుగువాళ్లలో తొలి కార్డినల్, దేశంలో దళితుల నుంచి తొలి కార్డినల్. 2022 ఆగస్టు 27న రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ చేతుల మీదుగా ఆ హోదాకు గుర్తయిన ఎర్రటోపీ అందుకున్నారు. 2025 మేలో కొత్త పోప్ ఎన్నికలో ఓటు వేశారు. కానీ అప్పటి కర్నూలు జిల్లాలో ఆయన పుట్టిన వాడలో, ఆయనలాగే జ్ఞానస్నానం తీసుకున్న మనిషి ఎస్సీ రిజర్వుడు వార్డుకు మెంబరుగా కూడా నిలబడలేడు. ఆంధ్రలో అలాంటివాళ్లు బీసీ-సి, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీల్లో పెట్టిన గుంపు. రిజర్వేషన్లలో వాళ్ల వాటా ఒక్క శాతం.

కార్డినల్ అయిన మనిషి ఇంకా దళితుడెలా అవుతాడని అడిగేవాళ్లున్నారు. దానికి జవాబు కర్నూలులోనో రోమ్‌లోనో కాదు, ఇక్కడ మద్రాసు రోడ్డు పక్కన వెతకాలి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి అందరికీ తెలిసిందే. హిందువులకే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. చాలామంది కథ అక్కడ మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. అసలు ముడి పడింది 1985లో అని నేననుకుంటున్నాను.

సూసై అనే ఆయన మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు. పుట్టుక ఆది ద్రావిడ, మతం క్రైస్తవం. అలా రోడ్డు మీద కూర్చుని పనిచేసేవాళ్లకు ఉచితంగా బంకులిచ్చే పథకం వచ్చింది. బంకంటే పైన రేకు, చుట్టూ చెక్క, రాత్రి తాళం వేసుకునే వీలు. అంతే. హిందువులైన ఎస్సీలకు ఇచ్చి ఆయనకు ఇవ్వలేదు. చేసే పని ఒకటే, పడే ఎండ ఒకటే, ఊళ్లో పిలిచే కులం పేరూ ఒకటే కదా అని ఆయన సుప్రీంకోర్టుకెళ్లాడు. 1985 సెప్టెంబరు 30న కోర్టు పిటిషన్ కొట్టేసింది. మతం మారినా కులం వెంట రావచ్చని ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టింది: ఆ కులం వల్ల హిందూ సమాజంలో పడ్డంత బాధ క్రైస్తవ సమాజంలోనూ పడుతున్నారని రుజువు చూపించాలి.

ఈ షరతు ఎవరి మెడకు చుట్టుకుందో చూడండి. రుజువు తేవాలంటే చర్చి నోరు విప్పాలి. మా గుడుల్లోనూ అంటరానితనం ఉందని పీఠాధిపతులే ఒప్పుకోవాలి. ఆ నిజం చర్చికి కొత్తది కాదు. తిరునల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో రెండు కాళ్ల ప్యాంటు ఆకారంలో గుడి కట్టారు. ఒక కాలులో ఒక కులం, ఇంకో కాలులో మిగతావాళ్లు, ఇద్దరికీ బలిపీఠం ఒకటే. మధ్య గోడ 1910లో గానీ పడలేదు. తిరుచ్చిలో చనిపోయినవాళ్లను కూడా వేరుచేస్తూ సమాధుల దొడ్డిలో గోడ కట్టారు. ఇన్ని కళ్ల ముందున్నా, అంటరానితనం మాలోనూ ఉందని భారత కతోలిక బిషప్పుల సమాఖ్య తన దళిత విధాన పత్రంలో స్పష్టంగా రాసుకున్నది 2016 డిసెంబరులో. సూసై తీర్పు వచ్చిన 31 ఏళ్లకు! ఈ ఆలస్యానికి మూల్యం కట్టింది వాడల్లో ఉన్నవాళ్లే.

ఆంథోనీగారి టోపీకి బరువు వచ్చిందీ ఇందుకే. పేదరికంతో చదువు మధ్యలో ఆగిపోతే మిషనరీలు ఆదుకున్నారని ఆయనే చెప్పుకున్నారు. 1992లో చర్చి గురువు (ఫాదర్) అయ్యారు, 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. ఆయనకు ముందు అదే పీఠంలో, 2000లో, మారంపూడి జోజిగారు దేశంలో తొలి దళిత ఆర్చిబిషప్‌గా కూర్చున్నారు. చర్చిలో కులం లేకపోతే ఈ ‘తొలి’ అన్న మాట ఎవరూ రాసేవారు కాదు.

అవతలివాళ్ల వాదనా ఉంది. క్రైస్తవంలో కులం లేదన్నప్పుడు హోదా ఎందుకని కేంద్రం అంటుంది. ఉన్న వాటా ఇంకా చీలుతుందని కొన్ని ఎస్సీ సంఘాలు భయపడుతున్నాయి. ఆ భయం అర్థమవుతుంది.

హోదాను మతంతో ముడిపెట్టొద్దని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫార్సు చేసింది. హోదా ఇవ్వాలని ఆంధ్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. మళ్లీ పరిశీలించమని 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్ల గడువిచ్చారు, ఆ గడువునూ పొడిగించారు. ఈలోపు, తన మీద దాడి జరిగిందని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును 2025 ఏప్రిల్ చివర్లో ఏపీ హైకోర్టు కొట్టేసింది. మతం మారాక ఆ చట్టం రక్షణ ఉండదంది. అప్పటినుంచి కుల సర్టిఫికెట్ల టెన్షన్ పెరిగింది. చెన్నైలో మా తెలుగువాళ్ల ఇళ్లలోనూ గుడి రిజిస్టరులో ఒక క్రైస్తవ పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకో హిందూ పేరు ఉండటం కొత్త కాదు.

పెరియమేట్‌లో ఒక మలుపు దగ్గర నెల్లూరు వైపు నుంచి తాతలనాడే వలసొచ్చిన పెద్దాయన చెప్పులు కుడతాడు. గొడుగు కర్రను కరెంటు స్తంభానికి తాడుతో కట్టుకుంటాడు. ఆరె, రంపె ఒక గోనెపట్టా మీద, మెడలో జపమాల చొక్కా లోపలికి. కార్డినల్‌గారి గురించి అడిగితే మొహం విప్పారింది. ‘మనోడే నాయనా’ అన్నాడు. సర్టిఫికెట్‌లో ఏముందని అడిగేసరికి దారం పళ్లతో తెంపి, అటూ ఇటూ చూసి, మళ్లీ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.