సాక్షి అడ్డం తిరిగితే కేసు పోయినట్టేనా? ఇంటి హత్య కేసుల విచారణపై అపోహలు - వాస్తవాలు

ఒకే కుటుంబంలో జరిగిన హత్య కేసు సెషన్స్ కోర్టులో సాక్షుల దశకు వచ్చిందంటే చాలు, హనుమకొండ అదాలత్ సెంటర్‌లో నల్లకోటు కనిపించిన ప్రతిచోటా జనం ఆపి అడుగుతారు: "సార్, ఇవాళ మూడో సాక్షి తడబడ్డాడట కదా, ఇక ముద్దాయి బయటపడ్డట్టేనా?" అడిగేవారిలో చాలామందికి ఆ కేసుతో ఏ సంబంధమూ ఉండదు. వారి ఆసక్తిని తప్పుపట్టను. కోర్టు తలుపులు తెరిచి విచారణ జరిపేది నలుగురూ చూడాలనే. నన్ను కలవరపెట్టేది ఇంకొందరు. మృతుడి అక్క, మేనమామ, పక్కింటి ముసలాయన. సమన్లు చేతిలో పట్టుకుని, తమ వంతు ఇంకా రాకముందే, ఫోనులో ఎవరో పంపిన రెండు వాక్యాలు చదివి కుంగిపోయి వస్తారు. ఏళ్లుగా ఈ కోర్టుల్లో క్రిమినల్ కేసులు నడుపుతున్నాను, ముద్దాయిల తరఫునా, బాధిత కుటుంబాల తరఫునా. ఈ మాటలు ముఖ్యంగా ఆ కుటుంబాల కోసం.

అపోహ: ఒక సాక్షి హోస్టైల్ అయితే కేసు అయిపోయినట్టే

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసిన పుకారును నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి.

సాక్షి తనను పిలిచిన పక్షానికి వ్యతిరేకంగా మాట్లాడినప్పుడు, అంటే హోస్టైల్ అయినప్పుడు, ప్రభుత్వం తరఫు వకీలైన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) కోర్టు అనుమతి తీసుకుని తన సాక్షినే క్రాస్ చేస్తారు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తారు. పాత సాక్ష్య చట్టంలో ఇది 154వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 157. జరిగేది ఇంతే. ఆ సాక్షి చెప్పిందంతా రద్దయిపోదు. అందులో నమ్మదగిన భాగం ఉండి, దానికి ఇతర ఆధారాల బలం తోడైతే తీర్పుకు వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లో భగవాన్ సింగ్ కేసులో చెప్పింది, 1991లో ఖుజ్జీ కేసులో మళ్లీ చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా పుకారు మాత్రం ప్రతి కేసులో కొత్తగా పుడుతూనే ఉంటుంది.

పరకాల వైపు ఒక ఊళ్లో భూమి పంపకం దగ్గర అన్న తమ్ముణ్ణి చంపాడని కేసు. చనిపోయినవాడి భార్య తరఫున నేను ప్రాసిక్యూషన్‌కు సహాయంగా ఉన్నాను. కన్నతల్లే ముఖ్య సాక్షి. ఒక కొడుకు మట్టిలో కలిశాడు, ఇంకో కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. ఆమె బోనెక్కి "నేనేమీ చూడలేదు" అంది. హాల్లో వెనక కూర్చున్నవారు గొణిగారు, ఒకరిద్దరు తిట్టారు. నాకు మాత్రం ఆ తల్లిపై కోపం రాలేదు. హోస్టైల్‌గా ప్రకటించి పీపీ ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు? తను, ఇద్దరు కొడుకులు. చిన్నకోడలు? పుట్టింటికి వెళ్లింది. తలుపు? లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. తెల్లవారి గడియ తీసిందెవరు? పెద్దకొడుకు. చూసింది చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు, కానీ అడిగిన ప్రతి చిన్న మాటకూ నిజమే చెప్పింది.

ఆ సాయంత్రానికల్లా ఊళ్లో "కేసు కొట్టేసినట్టే" అనే మాట పాకింది. ఆ కోడలు ఫోను చేసి ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. చివరికి శిక్ష వేస్తూ జడ్జి ఆధారపడిన అంశాల్లో ఆ తల్లి చెప్పిన ఆ జవాబులు కూడా ఉన్నాయి. నాలుగు గోడల మధ్య హత్య జరిగి, ముద్దాయి ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నాడని రుజువైతే, ఏం జరిగిందో వివరించాల్సిన బాధ్యత అతని మీదా పడుతుంది. పాత చట్టంలో 106, ఇప్పుడు 109. 2006లో త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. అయితే ప్రాసిక్యూషన్ ముందు తన పునాది తాను వేయాలి. ఆ సెక్షన్ ఉంది కదా అని దర్యాప్తులో చేసిన నిర్లక్ష్యాన్ని దాని కింద దాచడం కుదరదు.

కళ్లతో చూసిన సాక్షి ఒక్కరూ లేని కేసు మన వరంగల్‌లోనే ఉంది. 2020 మే నెలలో గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహాలు దొరికాయి. ఒక వలస కుటుంబం, వారితో పాటు మరికొందరు. మొదట లేచిన మాట ఆత్మహత్యలని. లాక్‌డౌన్‌లో బతుకు గడవక చేసుకున్నారని. దర్యాప్తు సీసీ కెమెరా దృశ్యాల వెంట, తిండిలో కలిపిన నిద్రమాత్రల వెంట నడిచి ఒక మనిషి దగ్గర ఆగింది. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. చూసినవారు లేనప్పుడు పరిస్థితుల గొలుసులో ఒక్క కొక్కెం కూడా ఊడకుండా ఎలా ఉండాలో 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా తీర్పు అయిదు సూత్రాలుగా చెప్పింది. అలాంటి కేసులో పోస్టుమార్టం చేసిన డాక్టరు, ఫోను రికార్డులు తెచ్చిన అధికారి, మందుల దుకాణం మనిషి, వీరందరి మాటలకూ బరువుంటుంది. వారి సాక్ష్యం నడిచే రోజు హాలు ఖాళీగా ఉంటుంది. ఏడుపు లేదు, అరుపు లేదు, కనుక ఎవరూ దాన్ని వార్తగా పంపరు. కేసు నిలబడేది మాత్రం తరచుగా ఆ రోజుల మీదే.

ఇక ఈ పుకారు చేసే అసలు నష్టం. సాక్షులు అడ్డం తిరగడానికి భయం, డబ్బు, బంధుత్వం కారణాలంటారు. నిజమే. నేను దగ్గరగా చూసిన నాలుగో కారణం నిరాశ. మూడో సాక్షి తడబడ్డాడన్న మాట ఊరు చేరగానే పెద్దమనుషులు నాలుగో సాక్షి ఇంటికి వస్తారు. "కేసు ఎలాగూ పోయింది. నువ్వొక్కడివి చెప్పి ఏం లాభం? పోయినవాడు తిరిగి రాడు, ఉన్నవాడినైనా కాపాడుకుందాం." ఆ మనిషికి ఇష్టం ఉండదు, డబ్బు మీద ఆశా ఉండదు. అయినా తానొక్కడే మిగిలానన్న బాధతో తల ఊపుతాడు. అతను అడ్డం తిరిగాక అయిదో సాక్షి ఇంటికి వెళ్లడం ఇంకా సులువు. పోని కేసును పోయిందని ప్రచారం చేసి, ఆ ప్రచారంతోనే పోగొట్టడం ఇది. వాట్సాప్‌లో అలాంటి కబురు ముందుకు పంపేవారికి తాము ఏం చేస్తున్నారో తెలియాలి.

రాజీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. హత్య కేసు రాజీకి కుదిరే నేరాల జాబితాలో లేదు. స్టాంపు కాగితం మీద ఎన్ని సంతకాలు పెట్టుకున్నా కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చి, తర్వాత బోనులో దానికి పూర్తిగా విరుద్ధంగా చెబితే తప్పుడు సాక్ష్యం కేసు పడే ప్రమాదం ఉంది. కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు శిక్ష వేయవచ్చు. పెద్దమనుషులు ఈ ముక్క చెప్పరు.

చీఫ్‌కూ, అంటే సాక్షిని పిలిచిన పక్షం మొదట అడిగే ప్రశ్నలకూ, ఎదుటి పక్షం చేసే క్రాస్‌కూ మధ్య నెలలు గడిస్తే ఈ ఒత్తిడికి కావలసినంత సమయం దొరుకుతుంది. 2015లో వినోద్ కుమార్ కేసులో చీఫ్ అయిన 20 నెలలకు క్రాస్ జరిగింది, సాక్షి మాట మార్చాడు, సుప్రీంకోర్టు ఆ వాయిదాల పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది. సాక్షుల విచారణ మొదలయ్యాక రోజువారీగా జరగాలని చట్టం అంటోంది. మీ కేసులో క్రాస్ వాయిదా పడుతుంటే అభ్యంతరం చెప్పమని పీపీని అడగండి. అడగడం మీ హక్కు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: క్రాస్‌లో తడబడితే అబద్ధం బయటపడ్డట్టే

క్రాస్ వార్తల్లో సగం వార్తలే కావు. డిఫెన్స్ వకీలు "మృతుడికి మీరు రెండు లక్షలు బాకీ ఉన్నారు, అందుకే మా కక్షిదారుని ఇరికిస్తున్నారు" అంటారు. సాక్షి "నిజం కాదు" అంటాడు. దీన్ని మేము సజెషన్ అంటాం. డిఫెన్స్ తన వాదనను సాక్షి ముందు పెట్టడం వృత్తిలో తప్పనిసరి పని, ముద్దాయి తరఫున నేనూ అదే చేస్తాను. సాక్షి ఒప్పుకోనంతవరకు ఆ మాటకు సాక్ష్యంగా విలువ లేదు. కానీ సాయంత్రానికి ఫోనుల్లో తిరిగేది "రెండు లక్షల బాకీ వెలుగులోకి" అని! ఇది విన్నప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది. ప్రశ్న సాక్ష్యం కాదు, జవాబే సాక్ష్యం.

తడబాటు విషయానికొస్తే, సాక్షి జ్ఞాపకం వీడియో టేపులా తిరిగి నడవదని, చిన్న చిన్న తేడాలకు అతిగా విలువ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1983లోనే భర్వాడా తీర్పులో రాసింది. నర్సంపేట నుంచి వచ్చిన ఒకామె తన చెల్లెలి హత్య కేసులో సాక్ష్యం చెప్పింది. అరుపు విని పరుగెత్తినప్పుడు వాకిట్లో బల్బు వెలుగుతోందా లేదా, టైము ఎనిమిదా ఎనిమిదిన్నరా, అక్కడ ముందుగా ఉన్నది ఎవరు, అని మళ్లీ మళ్లీ అడిగితే తికమకపడింది. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడి "నా చెల్లిని నేనే మళ్లీ చంపుకున్నాను సార్" అంది. ఆమె పక్కన కూర్చుని నేను చెప్పింది ఒక్కటే: బావ చేతిలో గొడ్డలి చూశానన్న మాట పోలీసులకు చెప్పారు, చీఫ్‌లో చెప్పారు, క్రాస్‌లోనూ కదలలేదు, బల్బు గురించి జడ్జికి బెంగ లేదు. ఆ కేసులో శిక్ష పడింది.

అయితే పెద్ద తేడాలు పెద్దవే. గొడ్డలి చూశానన్న మాటే పోలీసు వాంగ్మూలంలో లేకుండా మొదటిసారి బోనులో చెబితే దాన్ని డిఫెన్స్ వదలదు, వదలకూడదు కూడా. అందుకే పోలీసులు దర్యాప్తులో వాంగ్మూలం (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180) రాసుకునే రోజే ముఖ్యమైన సంగతి ఏదీ వదలకుండా చెప్పండి. అలాగని "పోలీసులకు చెప్పేశాం కదా, కోర్టులో వేరే చెప్పాలా" అనుకోవద్దు. మీ సంతకం కూడా ఉండని ఆ కాగితం సాక్ష్యం కాదు, మీ మాటను ఖండించడానికే అది పనికొస్తుంది. దాన్ని బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన మనిషిని జడ్జి గుర్తుపడతారు. గుర్తులేనిది గుర్తులేదనండి. మీ సాక్ష్యాన్ని జడ్జి ఇంగ్లిష్‌లో చెప్పి టైపు చేయిస్తారు, పూర్తయ్యాక చదివి వినిపించాలి. మీరు చెప్పని మాట కనిపిస్తే సంతకానికి ముందే అక్కడికక్కడ చెప్పండి. అలసిపోయి, ఊరి బస్సు తప్పిపోతుందని తొందరపడి సంతకం పెట్టేవారిని చాలామందిని చూశాను.

మిగిలినవి

బంధువుల సాక్ష్యం చెల్లదంటారు. చెల్లుతుంది. ఇంట్లో జరిగినదానికి ఇంటివారు కాక ఇంకెవరు సాక్షులు? అసలు దోషిని వదిలి అమాయకుణ్ణి ఇరికించడానికి దగ్గరి బంధువు సాధారణంగా సిద్ధపడడని 1953లోనే దలీప్ సింగ్ తీర్పు చెప్పింది. జాగ్రత్తగా పరిశీలిస్తారు, అంతే.

ఇంతమంది సాక్షులు ఉండాలన్న లెక్క ఏదీ లేదు. నమ్మదగిన ఒక్కరి మాట మీదా శిక్ష వేయవచ్చు.

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడని టీవీలో వచ్చిందా? ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. దాని వల్ల దొరికిన కత్తి, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు మాటలు మాత్రమే లెక్కకొస్తాయి. మందు ఇచ్చి మగతలో ప్రశ్నించే నార్కో పరీక్ష మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో తేలిపోయింది.

చిన్నపిల్లల సాక్ష్యం కూడా చెల్లుతుంది. అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలడా అని జడ్జి ముందుగా చిన్న ప్రశ్నలతో చూస్తారు: పేరేమిటి, ఏ బడి, నిజం అంటే ఏమిటి. దయచేసి ఇంట్లో వారికి పాఠం చెప్పినట్టు నేర్పకండి. అమ్మను పోగొట్టుకున్న బిడ్డ తన మాటల్లో చెప్పేదానికి ఉన్న బలం మీరు నేర్పిన వాక్యానికి ఉండదు. పైగా నేర్పారని తేలితే నిజం చెప్పిన బిడ్డను కూడా నమ్మరు.

ముద్దాయి బోనెక్కలేదంటే నేరం చేసినట్టే అనేవారూ ఉన్నారు. మౌనం అతని హక్కు. దాని మీద వ్యాఖ్యానించే అధికారం పీపీకి కూడా లేదు.

ఉరిశిక్ష పడగానే కథ ముగిసిందనుకుంటారు. సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ధృవీకరించనిదే అమలు చేయరు. ముద్దాయి విడుదలైనా ముగియలేదు. బాధితులకు 2009 చట్ట సవరణ నుంచి సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

భయంతో నిద్రపట్టని సాక్షులకు ఒక మాట. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది. అక్కడ పెట్టుకునే దరఖాస్తుపై పోలీసు అధికారి ప్రమాదాన్ని అంచనా వేసి నివేదిక ఇవ్వాలి. ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు తోడు, ముద్దాయి ముఖం చూడాల్సిన అవసరం లేకుండా తెర వెనక నుంచో వీడియో ద్వారానో సాక్ష్యం చెప్పే ఏర్పాటు, ఇవన్నీ అందులో ఉన్నాయి. సమన్లు అందిన రోజే పీపీ కార్యాలయంలో అడగండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ సాయం ఉచితం. అంతదూరం రాలేనివారు 15100కు ఫోను చేయవచ్చు.