గడ్డ చుట్టూ ఉండే కణాలు: అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్ట్‌ని, పేషెంట్లు నన్ను చూడరు, వాళ్ళ బయాప్సీ ముక్కల్ని నేను చూస్తా.

అపోహ: గడ్డ అంటే మొత్తం క్యాన్సర్ కణాలే
కాదండీ. పాంక్రియాస్ (క్లోమం) గడ్డ ముక్కని స్లయిడ్ మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే ముందు కనపడేది గులాబీ రంగు పీచు, దాంట్లో అక్కడక్కడా వంకరటింకర గ్రంథులు, అసలు క్యాన్సర్ అదే. ఆ పీచు తయారుచేసేది ఫైబ్రోబ్లాస్టులు, దెబ్బ తగిలితే పుండు మాన్పే కణాలే, గడ్డ వాటిని తన పనికి తిప్పుకుంటుంది. ఒక్కోసారి వచ్చిన ముక్కంతా పీచే ఉంటుంది, మళ్ళీ బయాప్సీ చెయ్యమని రాస్తే ఇంట్లోవాళ్ళకి నా మీద కోపం.

అపోహ: చుట్టూ ఉన్నవాటిని చంపేస్తే గడ్డ దానంతటదే చస్తుంది
మేమూ అలాగే ఆశపడ్డాం. 2009లో ఎలుకలకి పీచు తగ్గించే మందు ఇస్తే కీమో లోపలిదాకా వెళ్ళింది, అందరం సంబరపడ్డాం. అదే మందు, పేరు సారిడెగిబ్, మనుషులకిస్తే, ఇవ్వనివాళ్ళే ఎక్కువ కాలం బతికారు, 2012లో ట్రయల్ ఆపేశారు. 2014లో ఎలుకల్లో ఫైబ్రోబ్లాస్టులనే తీసేసి చూస్తే గడ్డ ఇంకా మొండికేసింది. అంటే ఆ పీచు గడ్డకి అండ మాత్రమే కాదు, కొంత కంచె కూడా. అందుకే ఇప్పుడు వాటిని చంపడం కన్నా దారికి తేవడం ఎలాగా అని చూస్తున్నారు.

అపోహ: ఇదంతా ల్యాబ్ కబుర్లు
బెవాసిజుమాబ్ పేరు వినే ఉంటారు, గడ్డకి కొత్త రక్తనాళాలు రాకుండా ఆపుతుంది, అమెరికాలో 2004లోనే పెద్దపేగు క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది, మన హైదరాబాద్ కంపెనీలు కూడా దాని బయోసిమిలర్లు (అసలు మందుకి దాదాపు అచ్చంగా ఉండే మందులు) చేస్తున్నాయి.

అపోహ: ఇలాంటి మందు క్యాన్సర్ కణాల జోలికి పోదు కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు
ఇదే డేంజర్. బెవాసిజుమాబ్‌తో బీపీ పెరగొచ్చు, యూరిన్‌లో ప్రొటీన్ పోవచ్చు, పుళ్ళు త్వరగా మానవు, అందుకే పెద్ద ఆపరేషన్‌కి అటూ ఇటూ కనీసం 28 రోజులు ఆపుతారు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకితే ఇచ్చే డెనోసుమాబ్, జోలెడ్రోనిక్ యాసిడ్ కూడా ఈ బాపతే, క్యాన్సర్ ఉసిగొలిపే ఎముక కొరికే కణాల్ని ఆపుతాయి. ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే డెంటిస్టుకి చూపించుకుని పీకాల్సిన పళ్ళుంటే పీకించేసుకోండి. ఒకాయన పన్ను నొప్పని వెళ్ళి ఇంజెక్షన్ సంగతి చెప్పకుండా పీకించుకున్నాడు, కొన్నాళ్ళకి ఆయన దవడ ముక్క నా టేబుల్ మీదకొచ్చింది, స్లయిడ్‌లో ఎముక కణాలుండాల్సిన గుంటలన్నీ ఖాళీ, అంటే ఆ ఎముక చచ్చిపోయింది.