తొడ వెనక కండరం: స్ట్రెచింగ్ దగ్గరే ఎందుకు ఆగిపోయాం?

13, 14 ఏళ్ల పిల్లాడు బంతి కోసం ఫుల్ స్పీడులో పరిగెడుతూ ఉన్నట్టుండి తొడ వెనక చెయ్యేసుకుని ఆగిపోతాడు. గట్టు మీద నుంచి వెంటనే వినిపించే మాట, "స్ట్రెచింగ్ సరిగ్గా చెయ్యలేదురా!" ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చాలాసార్లు ఆ పిల్లాడు స్ట్రెచింగ్ చేసే ఉంటాడు. చెయ్యనిది వేరే ఉంది, అది అతనికి ఎవరూ నేర్పలేదు.

పరుగులో కాలు ముందుకు విసిరినప్పుడు, పాదం ఇంకా నేలకు ఆనకముందే, హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఆ కాలికి బ్రేకు వెయ్యాలి. ఎక్కువగా దెబ్బ తగిలేది ఆ క్షణంలోనే. అంటే కండరానికి సాగే గుణం ఒక్కటే చాలదు, సాగుతూ బరువు ఆపే బలం కావాలి.

ఇది 20 ఏళ్ల కిందటే తేలింది. 2003లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనంలో 30 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లలో సగం మందికి ఒక ప్రత్యేక యంత్రం మీద ఈ బలం పెంచారు. ఆ 15 మందిలో ముగ్గురికే హ్యామ్‌స్ట్రింగ్ గాయమైంది, మిగతా 15 మందిలో 10 మందికి అయింది. మరుసటి ఏడాది నార్వే వాళ్లు యంత్రం అక్కర్లేని పద్ధతిని పరీక్షించారు. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక తోటి ఆటగాడు మడమల దగ్గర గట్టిగా పట్టుకోవాలి, నడుము వంచకుండా ఒళ్లంతా ముందుకు మెల్లగా, వీలైనంత మెల్లగా వాల్చాలి, ఇక ఆపలేననుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. అదే నార్డిక్. మోకాళ్ల కింద మడిచిన గోనెసంచి ఉంటే చాలు. 10 వారాల్లో ఇది చేసినవాళ్లకు సాగుతూ ఆపే బలం 11 శాతం పెరిగింది, జిమ్‌లో లెగ్ కర్ల్ (బరువు లాగుతూ మోకాలు మడిచే వ్యాయామం) చేసినవాళ్లకు పెరగలేదు.

2008లో ఐస్‌లాండ్, నార్వే క్లబ్బుల లెక్కలు వచ్చాయి: స్ట్రెచింగ్ వల్ల ఈ గాయాలు తగ్గలేదు, నార్డిక్ చేసిన జట్లలో తగ్గాయి. డెన్మార్క్‌లో 50 జట్లు, 942 మంది మీద చేసి 2011లో వెల్లడించిన పరీక్షలో నార్డిక్ చేసిన జట్లలో 15 గాయాలు, చెయ్యని జట్లలో 52.

ఇంత తెలిశాక అందరూ మొదలుపెట్టి ఉంటారనుకుంటాం కదా, కానీ 2015లో చాంపియన్స్ లీగ్, నార్వే లీగ్ స్థాయి క్లబ్బులు 50 అడిగి చూస్తే 80 శాతానికి పైగా క్లబ్బులు దీన్ని చెప్పినట్టు పూర్తిగా చెయ్యడం లేదని బయటపడింది. యూరప్ పెద్ద క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ వాటా 2001లో 12 శాతం ఉండేది, 2022కి 24 అయింది. ఆట వేగం పెరగడం, మ్యాచులు ఎక్కువవడం కూడా కారణాలే అనుకోండి. అయినా చేతిలో ఉన్న మందు వాడకపోవడం నాకు మింగుడుపడదు.

వాడకపోవడానికి ఒక కారణం నొప్పులు. మొదటి రోజే ఎక్కువ చేయిస్తే రెండు రోజులు మెట్లు దిగలేరు, తర్వాత ఆ పేరెత్తితేనే పారిపోతారు. నార్వే పద్ధతిలో మొదటి వారం ఒక్క రోజే, అది కూడా ఐదేసి సార్లు రెండు సెట్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి సార్లు. అలా నెమ్మదిగా పెంచారు.

పైన చెప్పిన పరీక్షలు పెద్దవాళ్ల మీద చేసినవి. పిల్లల సంగతికొస్తే, నార్డిక్ కూడా ఉన్న ఫిఫా 11+ వార్మప్‌ని 2007లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద పరీక్షించారు, 125 క్లబ్బులు, 1892 మంది. తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అది మొత్తం వార్మప్ ఫలితం, నార్డిక్ ఒక్కదానిదే అనడానికి లేదు, కానీ ఆ వయసులో దీన్ని చేయించొచ్చన్న ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

పిల్లల విషయంలో కోచ్‌లు, అమ్మానాన్నలు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఎముక దగ్గరే ఈ కండరం మొదలవుతుంది, ఎదిగే వయసులో అక్కడ ఎముక ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు. గట్టిగా లాగితే కండరానికి బదులు ఎముక ముక్కే ఊడి రావచ్చు. పరిగెడుతుంటే పిరుదు కింద టప్‌మన్నట్టు అనిపించి, ఆ తర్వాత కూర్చుంటే నొప్పి అంటే "కండరం పట్టేసింది, అదే పోతుంది" అనకుండా డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి.