మాక్‌ల మీద మాక్‌లు రాస్తే క్యాట్ స్కోరు పెరగదు

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు క్యాట్‌కు (ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష) చదివే మన పిల్లలది ఒకటే ప్రశ్న: "సార్, ఇరవై మాక్‌లు (నమూనా పరీక్షలు) రాశాను, స్కోరు కదలట్లేదు. ఇంకో సిరీస్ కొననా?" కొనొద్దు.

అపోహ: ఎన్ని మాక్‌లు రాస్తే అంత స్కోరు.

వాస్తవం: మాక్ మీ లోపం ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. దాన్ని సరిచేసేది ఆ తర్వాత కూర్చుని చేసే విశ్లేషణే. రెండు గంటల మాక్‌కు మూడు గంటలు కేటాయించండి. సొల్యూషన్ తెరవకుండా, టైమర్ పెట్టకుండా, తప్పినవీ వదిలినవీ మళ్లీ చెయ్యండి. ఇప్పుడు వచ్చిందా? అయితే కాన్సెప్ట్ వచ్చు, తొందరే దెబ్బతీసింది. ఇప్పుడూ రాలేదా? ఆ చాప్టర్ తియ్యండి. ఈ పని పూర్తయ్యేదాకా తర్వాతి మాక్ ముట్టుకోవద్దు. వారానికి ఒకటి చాలు.

ఎక్కువ ప్రశ్నలు పట్టుకోవాలన్న ఆత్రం కూడా ఇలాంటి అపోహే. క్వాంట్‌లో (లెక్కల సెక్షన్) ఆప్షన్లున్నవాటికి ఒప్పుకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. అలాంటివి 13 చేసి 8 ఒప్పు, 5 తప్పు అయితే 24లోంచి 5 పోయి 19. పదకొండే చేసి 10 ఒప్పు, 1 తప్పు అయితే 29. రెండు ప్రశ్నలు తగ్గాయి, పది మార్కులు పెరిగాయి. డీఐఎల్‌ఆర్‌లో (డేటా, లాజిక్ సెక్షన్) కూడా అంతే: మొదటి ఐదు నిమిషాలు సెట్లన్నీ (ఒకే సమాచారం మీద వచ్చే ప్రశ్నల గుంపులు) చదివి, తేలికైనవి రెండు ఎంచుకోండి. పన్నెండు నిమిషాలైనా టేబుల్ నిండకపోతే వదిలెయ్యండి. మొదటి సెట్‌కు అతుక్కుపోయినవాళ్లకే 40 నిమిషాలు చాలవు.

అపోహ: నెగటివ్ మార్కులున్నాయి, ఊహించకూడదు. వాస్తవం: ఆప్షన్లు లేని ప్రశ్నలకు నెగటివ్ లేదు, ఖాళీ వదలొద్దు. మిగతావాటిలో ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టెయ్యగలిగితే లెక్క మీవైపే.

అపోహ: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీఏఆర్‌సీ (ఇంగ్లిష్ సెక్షన్) నావల్ల కాదు. ఈ భయం చాలామందిని ఫారం నింపకుండానే ఆపేస్తోంది. 2024 పేపర్లో ఆ సెక్షన్‌లోని 24 ప్రశ్నల్లో 16 ప్యాసేజీలవే. పదాల పట్టీలు బట్టీ పట్టక్కర్లేదు. రోజుకు రెండు ప్యాసేజీలు చదివి, తప్పు ఆప్షన్‌లో ఏ మాట ప్యాసేజీని దాటిపోయిందో గీత గీసి చూపించండి. "అన్నీ", "ఎప్పుడూ", "మాత్రమే" లాంటివే ఎక్కువసార్లు దొరుకుతాయి.

"ఈసారి ప్యాటర్న్ మారిందట" అని వాట్సాప్‌లో వచ్చేది చదవకండి. క్యాట్ అధికారిక సైటులో ఉంటేనే నిజం.

ఫోన్‌లో మాక్ రాయొద్దు. పరీక్ష కంప్యూటర్ మీద, లెక్కలు మౌసుతో నొక్కే కాలిక్యులేటర్ మీద. హాల్ టికెట్‌లో స్లాట్ తెలిశాక మిగిలిన మాక్‌లు సరిగ్గా ఆ గంటకే రాయండి.