అలంకరణ తుంగ మొక్కలు: అపోహలు - వాస్తవాలు

"తుంగంటే గడ్డే కదా, గడ్డిలాగే పెంచేస్తే పోలా?" నర్సరీలో నాకు ఎక్కువగా వినిపించే మాట ఇది. పూకాడను రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పి చూడండి. చాలా తుంగల్లో మూడు అంచులు తగులుతాయి, లోపల గుల్ల ఉండదు. గడ్డి కాడ మామూలుగా గుండ్రంగా, కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. కుటుంబాలే వేరు.

అపోహ: నేలమట్టానికి కోస్తే గుబురుగా చిగురిస్తుంది.

ఎక్కువ మొక్కలు పాడయ్యేది ఇక్కడే. ఎవర్‌గోల్డ్ లాంటి కేరెక్స్ (తుంగల్లో ఒక జాతి) రకాలకు ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. వాటిని మొదలంటా కోస్తే కోలుకోవడం కష్టం, కొన్నిసార్లు చచ్చిపోతాయి కూడా. గ్లౌజులు వేసుకుని, జుట్టు దువ్వినట్టు వేళ్లతో దువ్వండి, ఎండుటాకులు ఊడొస్తాయి. గ్లౌజులు ఎందుకంటే ఆకు అంచు చర్మాన్ని కోసేస్తుంది. మరీ చింపిరిగా ఉంటే వసంతంలో పై మూడో వంతు తీస్తే చాలు. చలికాలంలో ఆకు ఎండిపోయే రకాలను మాత్రం కొత్త చిగురు రాకముందే కిందికి కోసేయొచ్చు.

అపోహ: గోధుమరంగుకు తిరిగితే చచ్చినట్టే.

న్యూజిలాండ్‌కు చెందిన కేరెక్స్ బుకనానీ రంగే అది. ఎండిపోయిన మొక్క అంటగట్టారని గొడవకొచ్చినవాళ్లున్నారు! ఆకును మొదలు దగ్గర వంచి చూడండి. మెత్తగా వంగితే బతికే ఉంది, పుటుక్కున విరిగితే ఎండింది.

అపోహ: తుంగకు ఎప్పుడూ నీళ్లు నిలవాలి.

పాపిరస్, గొడుగు తుంగ నీళ్లలోనే హాయిగా పెరుగుతాయి. ఎవర్‌గోల్డ్ కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే మాత్రం వేళ్లు కుళ్లుతాయి. పెన్సిల్వేనియా కేరెక్స్ అయితే చెట్ల కింద పొడి నీడలో కూడా నిలదొక్కుకుంటుంది. రకం తెలుసుకోకుండా నీళ్లు పోయకండి.

పొలంలో తుంగలా తోటంతా పాకుతుందని ఇంకో భయం. ఆ కలుపుకి నేలలో గొలుసుకట్టుగా గడ్డలుంటాయి, గుబురుగా పెరిగే కేరెక్స్‌లకు ఉండవు. గొడుగు తుంగను మాత్రం నేను కూడా నమ్మను. తడి నేలలో విత్తనం రాలి వ్యాపిస్తుంది, కుండీలోనే ఉంచండి.

ఎరువు విషయంలో టెన్షన్ వద్దు. ఎక్కువేస్తే ఆకులు మెతకబడి వాలిపోతాయి, అంతే.

చారల రకాలను విత్తనంతో పెంచితే అవే చారలు రావు. వసంతంలో దుబ్బును వేళ్లతో సహా చీల్చి నాటుకోవాలి. గొడుగు తుంగకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. కాడ చివర గొడుగులా విచ్చుకున్న ఆకుల గుత్తిని కాస్త కాడతో కోసి, ఆకులను పొట్టిగా కత్తిరించి, నీళ్లలో తలకిందులుగా పెడితే ఆకుల మధ్య నుంచి పిలకలు, వేళ్లు వస్తాయి.